యూనిట్ – 9: ఇంటి బ్యాటరీ చరిత్ర – వాడి పారవేసే సెల్, మళ్లీ ఛార్జి చేసే సెల్

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:
• విద్యుత్ ఘటం పుట్టుకనూ, అది ఇంటి వస్తువుగా మారిన క్రమాన్నీ వివరించగలుగుతారు.
• వాడి పారవేసే సెల్ మన గ్రామాల్లో ఎందుకు స్థిరపడిందో చారిత్రక కారణాలతో చెప్పగలుగుతారు.
• మీ ఇంటి అవసరానికి ఏ రకం సెల్ చవకో లెక్క వేసి నిర్ణయించగలుగుతారు.
• వాడేసిన సెల్లుల సమస్యను, దానిపై వచ్చిన నియమాలను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో సెల్లుతో నడిచే వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గోడ గడియారం, టీవీ రిమోట్, టార్చిలైటు, పిల్లల బొమ్మలు, ఉంటే ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో. వీటిలో ఏ ఒక్క సెల్ అయిపోయినా మనం చేసే పని ఒకటే. వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి కొత్తది కొని, పాతది చెత్తలో వేస్తాం. దాని ధర తక్కువ కాబట్టి దాని గురించి ఆలోచించం.

అయితే ఈ చిన్న వస్తువు వెనుక రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. సెల్ మొదటి నుంచీ పారవేసే వస్తువు కాదు. ఒక కాలంలో దానిని బాగుచేసుకుని, తిరిగి నింపుకుని వాడేవారు. అది పారవేసే వస్తువుగా ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? ఆ మార్పు వల్ల ఎవరికి లాభం కలిగింది, ఎవరు ఎక్కువ ధర చెల్లించారు? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకడమే ఈ యూనిట్ ఉద్దేశం. ఆ సమాధానాలు తెలిస్తే, కొట్టులో ఏ సెల్ అడగాలో కూడా మీకే తెలుస్తుంది.

9.2 వోల్టా నుంచి లెక్లాంచె వరకు

ఇటలీలోని బొలోన్యా నగరంలో లుయిజీ గాల్వానీ 18వ శతాబ్దం చివరిలో చనిపోయిన కప్ప కాళ్లకు లోహాలు తాకించినప్పుడు అవి అదరడం గమనించాడు. ఈ విద్యుత్తు జంతువు శరీరంలోనే ఉందని ఆయన భావించాడు. అలెస్సాండ్రో వోల్టా దీనితో ఏకీభవించలేదు. రెండు వేర్వేరు లోహాల కలయికలోనే అసలు కారణం ఉందని వాదించాడు. తన వాదాన్ని నిరూపించడానికి జింకు, వెండి బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఉంచాడు. ఆ దొంతర నుంచి ఆగకుండా విద్యుత్తు ప్రవహించింది. 1800 మార్చి 20న ఈ విషయాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు లేఖ ద్వారా తెలియజేశాడు. మొదటి బ్యాటరీ ఇదే.

వోల్టా దొంతర త్వరగా నీరసించేది. 1836లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ ఫ్రెడరిక్ డేనియల్ నిలకడగా పనిచేసే ఘటాన్ని తయారుచేశాడు. తంతి వ్యవస్థ విస్తరించే కొద్దీ ఇటువంటి ఘటాల అవసరం పెరిగింది.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి ఒక కొత్త ఘటాన్ని రూపొందించాడు. విద్యుత్తు అయిపోయిన తరువాత బయటి నుంచి విద్యుత్తును ఎదురు దిశలో పంపితే అది మళ్లీ పనిచేసేది. ఇటువంటి వాటిని సంచాయక ఘటాలు లేదా ద్వితీయ ఘటాలు అంటారు. నేడు మీరు మోటారు వాహనాల్లోనూ, ఇన్వర్టర్లలోనూ చూసే సీసపు బ్యాటరీకి మూలం ఇదే. ఇక్కడ ఒక విషయం గమనించండి. మళ్లీ ఛార్జి చేసే బ్యాటరీ ఈనాటి వింత కాదు. మనం కొట్టులో కొనే పొడి సెల్ కంటే అది వయసులో పెద్దది.

1866లో ఫ్రాన్స్‌కే చెందిన జార్జ్ లెక్లాంచె మరొక ఘటానికి పేటెంటు పొందాడు. గాజు జాడీలో నవాసారం (అమోనియం క్లోరైడ్) ద్రావణం పోసి, అందులో ఒక జింకు కడ్డీని, మాంగనీస్ డయాక్సైడ్, కార్బన్ నింపిన ఒక మట్టి పాత్రను ఉంచేవారు. తంతి కార్యాలయాల్లో, ఇంటి కాలింగ్ బెల్లులో, తరువాత టెలిఫోన్లలో ఇది విరివిగా వాడుకలోకి వచ్చింది. జింకు కడ్డీ అరిగిపోతే కొత్త కడ్డీ వేసేవారు. నీరు ఆవిరైతే నీరు పోసేవారు. నవాసారం తగ్గితే మరికొంత కలిపేవారు. జాడీ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండేది. అంటే ఈ ఘటాన్ని ఎవరూ పారవేయలేదు. అది మరమ్మతు చేసుకునే వస్తువు.

9.3 పారవేసే అలవాటు ఎలా పుట్టింది?

గాజు జాడీతో ఒక చిక్కు ఉంది. దానిని కదిలిస్తే ద్రావణం ఒలికిపోతుంది. కాబట్టి చేతిలో పట్టుకుని తిరిగే వస్తువులకు అది పనికిరాదు. ఈ చిక్కును జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ పరిష్కరించాడు. ద్రావణాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కలిపి ముద్దగా చేసి, జింకును కడ్డీగా కాక డబ్బాగా మలిచి, అన్నింటినీ అందులోనే బిగించాడు. 1886లో జర్మనీలోనూ, 1887లో అమెరికాలోనూ దీనికి పేటెంటు లభించింది. దీనినే నిర్జల ఘటం లేదా పొడి సెల్ అంటాం. నిజానికి లోపల తడి ముద్ద ఉంటుంది. అది ఒలకదు, అంతే.

ఈ నిర్మాణంలోనే రెండు ఫలితాలు దాగి ఉన్నాయి. మొదటిది, లోపలి భాగాలను మార్చడానికి వీలు లేకుండా పోయింది. సెల్ అయిపోతే మొత్తం తీసివేయవలసిందే. రెండవది, జింకు డబ్బాయే పాత్ర, జింకు డబ్బాయే ఇంధనం. విద్యుత్తు ఇచ్చే కొద్దీ డబ్బా లోపలి నుంచి కరిగిపోతుంది. చివరికి చిల్లులు పడి లోపలి ముద్ద బయటకు కారుతుంది. టార్చిలైటులో మరచిపోయిన సెల్ స్ప్రింగును తినేయడం మీరు చూసే ఉంటారు. దానికి కారణం ఇదే.

1896లో అమెరికాలోని నేషనల్ కార్బన్ కంపెనీ 1.5 వోల్టుల పొడి సెల్లును పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం ప్రారంభించింది. 1899లో న్యూయార్క్‌లో డేవిడ్ మిజెల్ చేతిదీపానికి పేటెంటు పొందాడు. ఆనాటి సెల్లు ఎక్కువసేపు విద్యుత్తు ఇవ్వలేకపోయేవి. కొంతసేపు వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించాలి. అందుకే అమెరికాలో దానికి ‘ఫ్లాష్‌లైట్’, అంటే తళుక్కున మెరిసే దీపం అనే పేరు స్థిరపడింది. దీపం ఒకసారి కొంటారు, సెల్లు మాత్రం మళ్లీ మళ్లీ కొంటారు. వ్యాపారానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. పారవేసే అలవాటు ఈ విధంగా ఒక సాంకేతిక సౌకర్యం నుంచి పుట్టి, ఒక వ్యాపార పద్ధతిగా ఎదిగింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(అ) లెక్లాంచె ఘటానికీ, గాస్నర్ పొడి సెల్లుకూ ప్రధానమైన తేడా ఏమిటి?
(ఆ) పాత సెల్ ఎందుకు కారుతుంది?

9.4 భారతదేశంలో పొడి సెల్

1934లో ఎవరెడీ కంపెనీ (ఇండియా) కలకత్తా కేంద్రంగా ఏర్పడింది. దీని మాతృసంస్థ అమెరికాలోని యూనియన్ కార్బైడ్. స్వాతంత్ర్యం తరువాత మద్రాసులోనూ కర్మాగారం వెలిసింది. ఈ సంస్థ 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్ అనే పేరు తీసుకుంది. 1972లో జపాన్‌కు చెందిన మత్సుషిత సంస్థ సహకారంతో ఇండో నేషనల్ లిమిటెడ్ ఏర్పడింది. నెల్లూరులో తయారైన ‘నిప్పో’ సెల్లు ఈ సంస్థవే. తెలుగు నేల మీద తయారై దేశమంతా అమ్ముడుపోయిన ఇంటి వస్తువుల్లో ఇది ఒకటి.

పొడి సెల్ మన గ్రామాల్లో ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఏమిటి? దీనికి సమాధానం విద్యుత్ తీగల చరిత్రలో ఉంది. 1947 నాటికి దేశంలో విద్యుత్తు అందిన గ్రామాలు సుమారు 1,500 మాత్రమే. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో గాని ఏర్పడలేదు. దేశంలోని అన్ని గ్రామాలకూ విద్యుత్తు చేరిందని ప్రభుత్వం ప్రకటించింది 2018 ఏప్రిల్‌లో. తీగ లేని ఊరిలో మళ్లీ ఛార్జి చేసే సెల్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు, ఎందుకంటే ఛార్జి చేయడానికి దారి లేదు. కాబట్టి చాలా దశాబ్దాల పాటు మన పల్లెవాసులు పారవేసే సెల్లును ‘ఎంచుకున్నారు’ అనడం సరికాదు. వారికి అందుబాటులో ఉన్నది అదొక్కటే.

1960ల తరువాత ట్రాన్సిస్టర్ రేడియో ఈ వాడకాన్ని మరింత పెంచింది. అంతకుముందు వాల్వు రేడియోకు విద్యుత్తు లేని చోట బరువైన, ఖరీదైన బ్యాటరీలు అవసరమయ్యేవి. ట్రాన్సిస్టర్‌కు రెండు నుంచి నాలుగు సెల్లు చాలు. ఆకాశవాణి వార్తలు, పాడిపంటల కార్యక్రమం, సాయంకాలపు పాటలు పొలం గట్టు దాకా వెళ్లాయి. వాటితోపాటు సెల్లు కూడా వెళ్లాయి. మన రైతులకు రాత్రివేళ పంపుసెట్టు కరెంటు ఇచ్చిన కాలంలో, మోటారు వేయడానికి చీకట్లో గట్టు వెంట నడిచే మనిషికి టార్చిలైటు విలాసం కాదు. పాము కనబడేది ఆ వెలుతురులోనే.

సెల్ ఖరీదు ఎంత భారమో చెప్పడానికి ఒక అలవాటు చాలు. నీరసించిన సెల్లును తీసి ఎండలో పెట్టడం మీకు తెలిసే ఉంటుంది. దానివల్ల కొంత పని జరిగేది కూడా. ఆగకుండా వాడినప్పుడు రసాయన చర్యలో ఏర్పడిన పదార్థాలు లోపల పేరుకుని ప్రవాహానికి అడ్డుపడతాయి. విశ్రాంతి, వెచ్చదనం దొరికితే అవి కొంత చెదిరి, సెల్ కాసేపు తేరుకుంటుంది. అయితే ఎండ నుంచి కొత్త శక్తి ఏదీ లోపలికి రాదు. ఉన్న చివరి బొట్టును పిండుకోవడమే అది. పైగా వేడికి సెల్ త్వరగా కారుతుంది.

ఈ చరిత్రలో చెప్పక తప్పని మరొక ఘట్టం ఉంది. 1984 డిసెంబర్ 2–3 రాత్రి భోపాల్‌లోని పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలమంది మరణించారు. ఆ కర్మాగారం యూనియన్ కార్బైడ్ ఇండియాదే. మన ఇళ్లలో టార్చిలైటు సెల్లు తయారుచేసిన సంస్థా అదే. 1994లో మాతృసంస్థ తన వాటాను భారతీయ సంస్థకు అమ్మివేసింది. తరువాత కంపెనీ పేరు ఎవరెడీ ఇండస్ట్రీస్ ఇండియాగా మారింది. ఒక వస్తువును మనం దాని ధరను బట్టి మాత్రమే చూస్తాం. దాని వెనుక ఉన్న సంస్థ, ఆ సంస్థ ఇతర పనులు మనకు కనబడవు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ రెండింటినీ కలిపి చూడటం నేర్చుకోవాలి.

9.5 ఆల్కలైన్ సెల్

1955లో కెనడాకు చెందిన లూయిస్ ఉర్రీ అనే యువ ఇంజనీరును, పాత కార్బన్–జింకు సెల్ ఆయుష్షు పెంచే మార్గం చూడమని కంపెనీ అమెరికాలోని ఒహాయో ప్రయోగశాలకు పంపింది. పాత సెల్లుకు మెరుగులు దిద్దే బదులు కొత్త సెల్ తయారుచేయడమే మేలని ఆయన గ్రహించాడు. జింకును డబ్బాగా కాక పొడిగా వాడాడు. నవాసారం స్థానంలో పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని ఉపయోగించాడు. రెండు బొమ్మ కార్లలో పాత సెల్లు ఒకదానిలో, కొత్త సెల్లు మరొకదానిలో వేసి ఆయన తన పై అధికారికి చూపించాడని చెబుతారు. పాత సెల్ ఉన్న కారు త్వరలోనే ఆగిపోగా, కొత్తది తిరుగుతూనే ఉంది. 1959లో ఈ సెల్ విపణిలోకి వచ్చింది.

ఆల్కలైన్ సెల్ ఎక్కువ విద్యుత్తు లాగే పరికరాల్లో పాత సెల్లుకు అనేక రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. వాడకుండా పెట్టెలో ఉంచినా ఏళ్ల తరబడి శక్తి నిలుస్తుంది. అయినా ఇదీ పారవేసేదే.

9.6 మళ్లీ ఛార్జి చేసే చిన్న సెల్

1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ నికెల్–కాడ్మియం ఘటాన్ని రూపొందించాడు. దానిని గాలి చొరకుండా మూసి, ఇళ్లలో వాడే చిన్న సెల్లుగా మార్చడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. అయితే కాడ్మియం విషపదార్థం. అందుకే ఐరోపా సమాఖ్య 2006 నాటి ఆదేశంతో చిన్న పరికరాల్లో దాని వాడకాన్ని చాలావరకు నిషేధించింది.

1980ల చివరలో కాడ్మియం లేని నికెల్–మెటల్ హైడ్రైడ్ సెల్లు వచ్చాయి. వీటికి మొదట ఒక లోపం ఉండేది. ఛార్జి చేసి పక్కన పెడితే కొన్ని వారాల్లోనే శక్తి తగ్గిపోయేది. 2005లో జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ ఏడాది తరువాత కూడా శక్తిలో ఎక్కువ భాగం నిలుపుకునే సెల్లును విడుదల చేసింది. లిథియం–అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్‌లోకి తెచ్చింది. మీ మొబైల్ ఫోనులో ఉన్నది ఈ రకమే. ఈ బ్యాటరీ కృషికి ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. తెల్లని కాంతినిచ్చే ఎల్‌ఈడీలు వచ్చాక టార్చిలైటుకు కావలసిన విద్యుత్తు బాగా తగ్గింది. ఇప్పుడు చాలా ఊళ్లలో గోడ ప్లగ్గుకు పెట్టి ఛార్జి చేసుకునే టార్చిలైట్లు కనబడుతున్నాయి. తీగ ఊరికి చేరడం వల్లనే ఇది సాధ్యమైంది.

9.7 ఏది చవక? ఒక లెక్క

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి కొట్టులోని ధరలు వేసుకుని మీరే తిరిగి చేయండి.

కార్బన్–జింకు పెన్సిల్ సెల్ ధర 15 రూపాయలు. మళ్లీ ఛార్జి చేసే సెల్ 200 రూపాయలు. ఛార్జర్ 600 రూపాయలు అనుకుందాం.

మొదటి సందర్భం: గోడ గడియారం. ఒక సెల్ సుమారు ఏడాది వస్తుంది. అంటే ఏడాదికి ఖర్చు 15 రూపాయలు. ఇందులో 200 రూపాయల సెల్ వేస్తే, ఛార్జర్ ధర కలపకపోయినా, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 13 ఏళ్లు దాటుతుంది. అంతకాలం ఆ సెల్లే పనిచేయదు. కాబట్టి గడియారానికి, రిమోట్‌కు సాధారణ సెల్లే చవక.

రెండవ సందర్భం: రోజూ రాత్రి వాడే రెండు సెల్లుల టార్చిలైటు. పది రోజులకు ఒకసారి సెల్లు మార్చాలనుకుందాం. నెలకు మూడు జతలు, 90 రూపాయలు. ఏడాదికి 1,080 రూపాయలు. మళ్లీ ఛార్జి చేసే జతకు, ఛార్జర్‌కు కలిపి 1,000 రూపాయలు. ఏడాది తిరగకముందే పెట్టుబడి వచ్చేస్తుంది. ఒక జత ఛార్జి అవుతుండగా వాడుకోవడానికి రెండవ జత కూడా కొంటే 1,400 రూపాయలు. అయినా 16 నెలల్లో సరిపోతుంది. మూడేళ్లలో పాత పద్ధతికి అయ్యే ఖర్చు 3,240 రూపాయలు. ఒకసారి ఛార్జి చేయడానికి అయ్యే కరెంటు ఖర్చు కొన్ని పైసలే.

మూడవ సందర్భం: కరెంటు పోయినప్పుడు, తుపాను వచ్చినప్పుడు మాత్రమే తీసే టార్చిలైటు. ఇక్కడ ముఖ్యమైనది అవసరానికి వెలగడం. దీనికి ఆల్కలైన్ సెల్ తగినది. అయితే దానిని టార్చిలో ఉంచకుండా పక్కనే విడిగా పెట్టండి.

మరొక లెక్క చూడండి. ఒక కార్బన్–జింకు పెన్సిల్ సెల్ సుమారు 1 వాట్–అవర్ శక్తి ఇస్తుందనుకుందాం. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్–అవర్లు. అంటే ఒక యూనిట్ విద్యుత్తును సెల్లు రూపంలో కొనాలంటే 1,000 సెల్లు కావాలి. వాటి ఖరీదు 15,000 రూపాయలు. అదే యూనిట్ తీగ ద్వారా ఇంటికి పది రూపాయల లోపే వస్తుంది. తీగ లేని ఇల్లు, అంటే సాధారణంగా పేద ఇల్లు, విద్యుత్తుకు అందరికంటే ఎక్కువ ధర చెల్లించింది. ఆ ధర ముప్పై రూపాయల చొప్పున చిన్న చిన్న ముక్కలుగా చేతి నుంచి పోవడం వల్ల అది ఎవరి కంటికీ ఆనలేదు.

ఇప్పుడు తీగ వచ్చినా సమస్య పూర్తిగా తీరలేదు. వెయ్యి రూపాయలు ఒక్కసారి తీయలేని కుటుంబం పది రోజులకు ముప్పై రూపాయల దారిలోనే వెళుతుంది. వారికి లెక్క తెలియక కాదు. చేతిలో ఆ మొత్తం లేక. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు లేదా ఒక పొదుపు సంఘం కలిసి ఒక ఛార్జర్ కొనుక్కుంటే ఈ అడ్డంకి చాలావరకు తొలగుతుంది.

జాగ్రత్తలు: పారవేసే సెల్లును ఛార్జర్‌లో పెట్టకూడదు. అది కారవచ్చు, పగలవచ్చు. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకూడదు. మళ్లీ ఛార్జి చేసే సెల్ 1.5 కాక 1.2 వోల్టులే ఇస్తుంది. చాలా పరికరాలు దీనితో నడుస్తాయి, కొన్ని సరిగా నడవవు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
మీ ఇంట్లో గత మూడు నెలల్లో కొన్న సెల్లుల సంఖ్య, ఖర్చు రాయండి. ఏ పరికరానికి మళ్లీ ఛార్జి చేసే సెల్ లాభమో పై పద్ధతిలో తేల్చండి.

9.8 వాడేసిన సెల్ ఎక్కడికి పోతుంది?

పాత సెల్ పగులగొట్టి, అందులోని నల్లని పొడిని ఆకు పసరుతో కలిపి బడిలో నల్లబల్లకు పూసిన రోజులు మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ పొడిలో ఉన్నది ముఖ్యంగా మాంగనీస్ డయాక్సైడ్, కార్బన్. కాని ఆ కాలపు సెల్లులో జింకు తుప్పును ఆపడానికి పాదరసం కూడా కలిపేవారు. 1990లలో అనేక దేశాలు దీనిని తగ్గించి, ఆపివేసే దిశగా సాగాయి.

మన దేశంలో 2001లో వచ్చిన బ్యాటరీల నియమాలు సీసపు బ్యాటరీలకే పరిమితమయ్యాయి. ఇంటి సెల్లును అవి పట్టించుకోలేదు. 2022 ఆగస్టులో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే అని ఇవి నిర్దేశిస్తాయి. వినియోగదారు బాధ్యత వాటిని ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా ఉంచి సేకరణకు ఇవ్వడం. సెల్ మీద కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉంటే దాని అర్థం అదే. ఒకప్పుడు జాడీలోని జింకు కడ్డీని మార్చుకున్న మనిషికి ఆ జింకు ఎటుపోయిందో తెలుసు. నేటి చట్టం ఆ ఎరుకను మరో దారిలో తిరిగి తేవడానికి ప్రయత్నిస్తోంది.

9.9 సారాంశం

విద్యుత్ ఘటం 1800లో వోల్టా చేతిలో పుట్టింది. మళ్లీ ఛార్జి చేసే ఘటం 1859లో, మరమ్మతు చేసుకునే లెక్లాంచె ఘటం 1866లో వచ్చాయి. పారవేసే పొడి సెల్ ఆ తరువాత వచ్చి, సౌకర్యం వల్లనూ వ్యాపార అనుకూలత వల్లనూ ప్రపంచమంతా వ్యాపించింది. మన దేశంలో విద్యుత్ తీగ చేరని గ్రామాలకు అదే ఆధారమైంది. ఆ గ్రామాలే శక్తికి అత్యధిక ధర చెల్లించాయి. నేడు ఎంపిక మన చేతికి వచ్చింది. తక్కువ వాడే పరికరానికి సాధారణ సెల్, అత్యవసరానికి ఆల్కలైన్ సెల్, రోజూ వాడే దానికి మళ్లీ ఛార్జి చేసే సెల్ తగినవి. ధరను కొన్న రోజున కాక, వాడిన కాలమంతటికీ లెక్కించాలన్నది ఈ పాఠం సారం.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటి బ్యాటరీ మరమ్మతు చేసుకునే వస్తువు నుంచి పారవేసే వస్తువుగా మారిన క్రమాన్ని వివరించండి.
2. గ్రామీణ విద్యుదీకరణకూ, పొడి సెల్ వాడకానికీ గల సంబంధాన్ని చర్చించండి.

II. కింది వాటికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆల్కలైన్ సెల్ ఆవిర్భావం గురించి రాయండి.
2. ‘పేద కుటుంబమే విద్యుత్తుకు ఎక్కువ ధర చెల్లిస్తుంది’ – లెక్కతో సమర్థించండి.
3. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రాధాన్యం ఏమిటి?